కీలో తప్పు: 4పీలు కోట్లర్‌వి కావు

కామర్స్_తిరుపతి:
ఇక్కడి ఒక కోచింగ్ సెంటర్ మాదిరి పరీక్ష కీలో, మార్కెటింగ్ పాఠంలోని 4పీలను ప్రతిపాదించింది అమెరికా ప్రొఫెసర్ ఫిలిప్ కోట్లర్ అని ఇచ్చినారు. తప్పు. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్ అని నాలుగు గూళ్లలో సర్దింది జెరోమ్ మెకార్తీ, 1960లో, 'బేసిక్ మార్కెటింగ్'లో. కోట్లర్ 'మార్కెటింగ్ మేనేజ్‌మెంట్' వచ్చింది 1967లో. 'మార్కెటింగ్ మిక్స్' (అమ్మకం కోసం కలిపి వాడే అంశాల కూర్పు) అనే మాట ఇంకా పాతది. దాన్ని వాడుకలోకి తెచ్చిన హార్వర్డ్ ప్రొఫెసర్ నీల్ బోర్డెన్ జాబితాలో 12 అంశాలు ఉండాయి. ఆయనకు ఆ ఊహ అందించింది జేమ్స్ కల్లిటన్, 1948లో మేనేజరును దినుసులు కలిపేవాడితో పోల్చి.

రేణిగుంట_ప్యాసింజర్:
మార్కు వేసేది కీ కదా సార్, మెకార్తీ కాదే.

పీజీ_పాతబ్యాచ్:
సార్, మీరు సంవత్సరాలు లెక్కపెట్టి పెద్దాయన్ని చిన్నబుచ్చుతున్నారు. కోట్లర్ ఎంఐటీలో ఎకనామిక్స్ డాక్టరేట్ చేసినాయన. గణితాన్నీ మనస్తత్వ శాస్త్రాన్నీ మార్కెటింగ్ పాఠంలోకి గట్టిగా దించినాడు. 1969లో సిడ్నీ లెవీతో కలిసి, చర్చిలకూ మ్యూజియాలకూ పోలీసు శాఖకూ కూడా మార్కెటింగ్ ఉంటుందన్నాడు. అదే ఏడాది డేవిడ్ లక్ అనే ఇంకో మార్కెటింగ్ ప్రొఫెసర్ అడ్డం తిరిగినాడు, అమ్మకం కొనుగోలు లేని చోటికి ఈ మాటను సాగదీయొద్దని. 1971లో జెరాల్డ్ జాల్ట్‌మన్‌తో సోషల్ మార్కెటింగ్ (సమాజానికి మేలు చేసే ఆలోచనలకు మార్కెటింగ్) వ్యాసం. ఇంత మార్చినాయన్ని ఆద్యుడనక ఏమంటారు?

కామర్స్_తిరుపతి:
నేనడిగింది 4పీలు ఎవరివని. ఊరేగేది ఉత్సవమూర్తి, గర్భగుడిలో ఉండేది మూలవిరాట్టు. కోట్లర్ పుస్తకంలోనే మెకార్తీ పేరుంది, చూసుకోండి.

పీజీ_పాతబ్యాచ్:
మాడవీధుల్లో దర్శనమిచ్చేది ఉత్సవమూర్తే కదా సార్!

కామర్స్_తిరుపతి:
ఇంకొకటి. తెలుగు నోట్సులో 'ప్లేస్'కు 'స్థలం' అని రాస్తున్నారు. పిల్లోళ్లు అంగడి ఏ వీధిలో పెట్టాలో రెండు పేజీలు నింపుతారు. ప్లేస్ అంటే పంపిణీ. సరుకు ఎవరెవరి చేతులు మారాలి, ఎక్కడ నిలవ ఉండాలి, ఏ బండిలో పోవాలి, అదంతా.

చిత్తూరు_మండీ:
ఇద్దురూ 1960 కాడే కొట్టుకుంటా ఉండారు. ఈ చదువు పుట్టింది సబ్బుల కంపెనీలో కాదప్పా, ధాన్యం, వెన్న, గుడ్ల కాడ. లూయిస్ వెల్డ్ పేరు ఎవురన్నా ఎత్తినారా? మినియాపొలిస్ వర్తకులు రైతుల్ని ముంచుతా ఉండారని జనం రగిలిపోతా ఉండిన కాలంలో ఆయన మిన్నెసోటా యూనివర్సిటీలో సరుకు వెంటబడి, యాడ ఎంత ఖర్చు పడతా ఉందో చూసినాడు. మధ్యవర్తి ఊరికే తినడంలేదని తేల్చినందుకు శాసనసభ కమిటీ పిలిపించింది. 1916లో పుస్తకం, 1917లో మార్కెటింగ్ పనులు ఏడని వ్యాసం: పోగుచెయ్యడం, నిలవ, నష్టభయం మోయడం, పెట్టుబడి, గ్రేడు చేసి విడగొట్టడం, అమ్మకం, రవాణా. తోతాపురి మామిడి లోడుకు ఈ ఏడిట్లో ఏది వద్దో చెప్పండి!

తోతాపురి_రైతుబిడ్డ:
ఆ వెల్డే 1917లో స్విఫ్ట్ మాంసం కంపెనీలో చేరినాడు. అది కూడా చెప్పన్నా.

చిత్తూరు_మండీ:
చేరితే? ముందు రాసింది అబద్ధమైపోతాదా?

పీజీ_పాతబ్యాచ్:
ఏడు పనుల జాబితా సరే. ఎందుకు జరుగుతాయో చెప్పింది రో ఆల్డర్సన్ అనే మార్కెటింగ్ సిద్ధాంతకర్త, 1957లో. కలగాపులగంగా వచ్చింది వేరుచేయడం, ఒకే రకం పోగుచేయడం, చిన్నగా పంచడం, చివర రకరకాలవి ఒకచోట జతకూర్చడం. తోటలో కాయ కలిసే దిగుతుంది. బేనీషా పండ్ల అంగడికి, తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీకి. ఫ్యాక్టరీలో పచ్చికాయను మాగబెట్టి గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపుతారు. లేతకాయ కలిస్తే తీపి చాలదు, బ్రిక్స్ (గుజ్జులో చక్కెర కొలత) 14 దాటదు. దెబ్బ తగిలిన కాయ మాగేలోపే కుళ్లి పక్కవాటినీ చెరుపుతుంది. కాబట్టి వేరుచేయడం వృథా ఖర్చు కాదు.

తోతాపురి_రైతుబిడ్డ:
వేరుచెయ్యొద్దని ఎవురన్నారు సామీ? వేరుచేసేవాడూ, ధర కట్టేవాడూ, తరుగు (తూకంలో కోత) తీసేవాడూ ఒక్కడే అయితే ఏమంటారు? లోడు దిగినాక కాయ వెనక్కి తీసకపోలేం. ఎండలో రెండు రోజులు నిలబెడితే మంచికాయ కూడా మెత్తబడతాది, అప్పుడు అదే కాయకు రెండో గ్రేడు. ఆల్డర్సన్ వేరుచేయడం ఎందుకో చెప్పినాడు. మా గొడవ దాన్ని ఎవురు చెయ్యాలనేది.

చిత్తూరు_మండీ:
అంటే మేము దొంగలమనా?

తోతాపురి_రైతుబిడ్డ:
దొంగలంటే దొంగతనం రుజువు చెయ్యాల. తోటలోనే వేరుచేసి, తూకం చీటీ రాసుకోని, గ్రేడు ఇద్దురి ముందర చూస్తే ఆ మాటే రాదు. ఆ పని వదిలేసి మెకార్తీనా కోట్లరా అని కూర్చున్నారు.

చిత్తూరు_మండీ:
తోటలోనే వేరుచేస్తే కూలి ఎవురిస్తారు? మీరిస్తారా?

తోతాపురి_రైతుబిడ్డ:
ఇప్పుడు మాత్రం ఎవురిస్తా ఉండారు? తరుగులో మేమే కదా.

కామర్స్_తిరుపతి:
సరే, నేను కీకి అభ్యంతరం పంపిస్తున్నా. 4పీలు మెకార్తీవి, 1960. ప్లేస్ అంటే పంపిణీ.

తోతాపురి_రైతుబిడ్డ:
తరుగు ఏ పీలోకి వస్తాదో అది కూడా రాయండి సార్.