అడ్రస్ ప్రూఫ్‌గా రెంటల్ అగ్రిమెంట్ తీసుకోవడం లేదు, వీసా ఇంకా 9 రోజులే ఉంది. ఏం చేయాలి?

కొత్త_సెమిస్టర్ (డిసెంబర్ 22, రాత్రి 11:10)

అందరికీ నమస్తే. సాయంత్రం 5 నుంచి ఒకే ఫారం ముందు కూర్చున్నాను. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ అప్లికేషన్ నాలుగో పేజీలో ఆగిపోతోంది. అడ్రస్ ప్రూఫ్ పెట్టమంటుంది. రెంటల్ అగ్రిమెంట్ పెట్టాను, బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టాను, ఇదే అడ్రస్ ఉన్న యూనివర్సిటీ లెటర్ కూడా పెట్టాను. ఏది పెట్టినా ఎర్ర గీత వస్తోంది. పొద్దున ఆఫీసుకి వెళ్తే కౌంటర్‌లో ఆవిడ అగ్రిమెంట్ తిప్పి కూడా చూడలేదు. నా వైపు తోసేసి, జర్మన్‌లో ఏదో పొడుగాటి మాట చెప్పి, తర్వాతి నంబర్ నొక్కేసింది. నేను ఈ ఇంట్లోనే ఉంటున్నాను, నెల నెలా అద్దె కడుతున్నాను. ఇంకేం కావాలి వీళ్లకి? మన దగ్గర అగ్రిమెంట్ చూపిస్తే గ్యాస్ కనెక్షన్ ఇస్తారు, బ్యాంకు ఖాతా తెరుస్తారు. వీసా 9 రోజుల్లో అయిపోతోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు, చెప్తే అమ్మ నిద్రపోదు. తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, ప్లీజ్.

పాత_కాపు (11:24)

ఏ వీసా? వచ్చి ఎన్ని రోజులైంది? సిటీలో రిజిస్టర్ అయ్యారా లేదా? అగ్రిమెంట్ ఎవరితో, ఓనర్‌తోనా? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

తార్నాక_మాస్టారు (11:41)

అమ్మా, ముందు ఒక మాట. విదేశీయులు ఎక్కడ ఉంటున్నారో ప్రభుత్వానికి తెలియాలన్న నియమం జర్మనీ ఒక్కదానిదే కాదు. 2016లో మా ఇంటి పై వాటా యూనివర్సిటీలో పరిశోధనకు వచ్చిన ఒక ఆఫ్రికన్ విద్యార్థికి ఇచ్చాను. అప్పుడే తెలిసింది, మన దేశంలోనూ విదేశీయుడిని ఇంట్లో పెట్టుకుంటే ఓనరే 24 గంటల్లో ఫారం సి నింపి పంపాలని. 180 రోజులు దాటిన వీసా మీద వచ్చిన విద్యార్థులైతే 14 రోజుల్లో తామే వెళ్లి రిజిస్టర్ కావాలి. ఆ అబ్బాయి కూడా నీలాగే అగ్రిమెంట్ పట్టుకుని రెండుసార్లు తిరిగాడు. రెండోసారి నేను వెంట వెళ్లాను. కాబట్టి నిన్ను ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతున్నారని అనుకోకు. ఎక్కడైనా ఆ బాధ్యతలో సగం ఇల్లు ఇచ్చినవాడిదే.

పాత_కాపు (11:45)

మాస్టారూ, ఆమెకి 9 రోజులే ఉన్నాయి.

కొత్త_సెమిస్టర్ (11:58)

సారీ, టెన్షన్‌లో రాయలేదు. స్టూడెంట్ వీసా, మాస్టర్స్. అక్టోబర్ మొదటి వారంలో వచ్చాను. వీసా డిసెంబర్ 31 వరకు ఉంది. ఊరు పేరు ఇక్కడ పెట్టను, తూర్పు వైపు యూనివర్సిటీ ఉన్న చిన్న ఊరు. సిటీ రిజిస్ట్రేషన్ అంటే ఆన్‌మెల్డుంగే కదా? అది కాలేదు. దానికి అన్న సంతకం కావాలన్నారు, అన్న పెట్టనన్నాడు. అందుకే దాన్ని వదిలేసి నేరుగా పర్మిట్‌కి వెళ్దామనుకున్నాను.

పాత_కాపు (డిసెంబర్ 23, అర్ధరాత్రి 12:03)

అన్న ఎవరు?

కొత్త_సెమిస్టర్ (12:15)

సొంత అన్న కాదు. మన తెలుగాయనే, సీనియర్. మూడు గదుల ఫ్లాట్ ఆయన పేరు మీద ఉంది, ఒక గది నాకు ఇచ్చాడు. నెలకి 300 యూరోలు, క్యాష్. నా దగ్గరున్న అగ్రిమెంట్ ఆయనా నేనూ తెల్ల కాగితం మీద రాసుకున్నదే. ఓనర్‌కి నేను ఉన్నట్టు తెలియదు. ఆ ఫారం మీద సంతకం పెడితే ఓనర్ ఖాళీ చేయమంటాడని, టీవీ ట్యాక్స్ కూడా మీద పడుతుందని అన్న భయం. మనిషి మంచివాడే. వచ్చిన మొదటి వారం బియ్యం, కుక్కర్ అన్నీ ఆయనే ఇచ్చాడు. గట్టిగా అడగలేకపోతున్నాను.

రైన్_ఒడ్డున (ఉదయం 6:50)

ఇప్పుడు అసలు విషయం తెలిసింది. కౌంటర్‌లో ఆవిడ చెప్పిన పొడుగాటి మాట బహుశా వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. పేరుకే అంత పొడుగు, ఉండేది ఒక్క పేజీ. ఇల్లు ఇచ్చినవాళ్లు "ఫలానా మనిషి ఫలానా తేదీన మా ఇంట్లో చేరింది" అని రాసి సంతకం పెట్టే కాగితం. 2015 నవంబర్ 1 నుంచి ఇది తప్పనిసరి. రెంటల్ అగ్రిమెంట్ దీనికి బదులుగా పనికిరాదు. అగ్రిమెంట్ మీ ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమే, నిజంగా సామాను దించుకుని చేరావని అది చెప్పదు. ఆ ఒక్క పేజీతో సిటీలో రిజిస్టర్ అయితే వాళ్లిచ్చే కాగితమే పర్మిట్ ఫారం అడుగుతున్న అడ్రస్ ప్రూఫ్. చేరిన రెండు వారాల్లో అవ్వాల్సింది, నీకు రెండున్నర నెలలైంది. ఫైన్ వేసినా వేయొచ్చు, దానికి భయపడి ఆగొద్దు.

ఇక అన్న సంగతి. ఆ సంతకం ఓనరే పెట్టాలని లేదు. గది ఇచ్చింది అన్న కాబట్టి అన్నే పెట్టొచ్చు. ఫారంలో ఓనర్ పేరు రాసే చోటు ఒకటి ఉంటుంది, అక్కడ ఓనర్ పేరు రాస్తే చాలు. ఓనర్ సంతకం అక్కర్లేదు. పెట్టనంటే మాత్రం ఇబ్బంది అన్నకే, 1000 యూరోల దాకా ఫైన్ ఉంది. సంతకం ఇవ్వకపోతే నువ్వు ఆ సంగతి సిటీ ఆఫీసుకి వెంటనే తెలియజేయాలని కూడా చట్టంలోనే ఉంది. ఇది బెదిరించడానికి చెప్పడం లేదు. ఆయనకి ఈ రెండు ముక్కలు తెలియకపోవచ్చు, కూర్చోబెట్టి చెప్పు.

టీవీ ట్యాక్స్ మనిషికి కాదు, ఇంటికి. నెలకి 18.36 యూరోలు. అన్న ఇప్పటికే కడుతుంటే నీకు వేరేగా పడదు. లెటర్ వస్తే ఆయన టీవీ ట్యాక్స్ నంబర్ రాసి పంపితే చాలు.

ఓరుగల్లు_పోరడు (8:15)

ఇంత లొల్లి ఎందుకక్కా? వేరే ఫ్లాట్‌లో ఎవరైనా ఫ్రెండ్ ఉంటే వాళ్ల అడ్రస్ మీద రిజిస్టర్ అయిపో. మా బ్యాచ్‌ల చాలామంది అట్లనే చేసిన్రు. వంద, రెండొందలు తీసుకుని సంతకం పెట్టేటోళ్లు కూడా ఉన్నరు.

రైన్_ఒడ్డున (8:22)

తమ్ముడూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకు. ఉండని ఇంటి అడ్రస్ రాసిచ్చినవాళ్లకి 50,000 యూరోల దాకా ఫైన్ ఉంది. రాయించుకున్న పిల్ల పర్మిట్ కూడా చిక్కులో పడుతుంది. 200 యూరోలు తీసుకున్నవాడు రేపు ఫోన్ ఎత్తడు.

ఓరుగల్లు_పోరడు (8:31)

ఎవరికీ పడంగ నేను చూడలే. సరే, మీ ఇష్టం.

చల్లపల్లి_అక్క (9:05)

అందరూ ఫారాల గురించే మాట్లాడుతున్నారు. చెల్లీ, మీ లెటర్ బాక్స్ మీద నీ పేరుందా? ఇక్కడ అడ్రస్‌లో ఫ్లాట్ నంబర్ ఉండదు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీది పేరు చూసి వేస్తాడు. నా పేరు లేదని మొదటి ఏడాది బ్యాంకు కార్డు, ఇన్సూరెన్స్ కార్డు రెండూ వెనక్కి వెళ్లిపోయాయి. రేపు ఆఫీసు నుంచి అపాయింట్‌మెంట్ లెటర్ వచ్చి వెనక్కి పోతే, రాలేదని తప్పు నీ మీదే వేస్తారు. ఇప్పుడే కిందికి వెళ్లి చిన్న చీటీ మీద పేరు రాసి, వర్షానికి తడవకుండా పైన టేప్ వెయ్యి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే రాయి. ముద్దుపేరో, ఒక్క అక్షరం ఇనిషియలో రాస్తే లాభం లేదు.

కొత్త_సెమిస్టర్ (9:30)

అయ్యో, లేదు అక్కా. డబ్బా మీద అన్న పేరు, అంతకుముందు ఉన్నవాళ్ల పేరు ఉన్నాయి. నా ఇన్సూరెన్స్ కార్డు ఇంకా రాలేదు, అందుకేనేమో. ఇప్పుడే అతికిస్తాను.

తార్నాక_మాస్టారు (10:12)

ఒక సూచన. మీసేవలో నివాస ధ్రువీకరణ పత్రం తీసుకుని, ఇంగ్లిషులోకి అనువదించి నోటరీ చేయిస్తే అక్కడ చూపించుకోవచ్చు కదా? మీ నాన్నగారు తహసీల్దార్ కార్యాలయంలో కనుక్కుంటే నాలుగు రోజుల పని.

పాత_కాపు (10:15)

అది ఇండియాలో సొంత ఊళ్లో ఉన్నట్టు ప్రూఫ్. జర్మనీలో ఉన్నట్టు కాదు.

తార్నాక_మాస్టారు (10:28)

అవును, అది నా పొరపాటే. అయితే ఇంకో సంగతి. పైన అందరూ వీసా, పర్మిట్ ఒకటే అన్నట్టు రాస్తున్నారు. వీసా అంటే ప్రవేశానికి అనుమతి. నివాసానికి అనుమతి వేరు. "వీసా ఎక్స్‌టెన్షన్" అనే మాట వాడకపోవడం మంచిది.

పాత_కాపు (10:33)

ఇక్కడ అందరూ వీసా ఎక్స్‌టెన్షన్ అనే అంటారు. అర్థమైతే చాలు.

తార్నాక_మాస్టారు (10:47)

అర్థం కాకపోవడం వల్లే ఈ అమ్మాయి ఆన్‌మెల్డుంగ్ వదిలేసి ముందుకు వెళ్లింది బాబూ. సిటీ రిజిస్ట్రేషన్, నివాస అనుమతి, వీసా మూడూ వేరు. మొదటిది ఎక్కడ ఉంటున్నావో చెప్పడం. రెండోది ఉండటానికి హక్కు. మాట తేడా తెలిస్తే ఏ కౌంటర్‌కి వెళ్లాలో కూడా తెలుస్తుంది.

రైన్_ఒడ్డున (11:20)

ఈ విషయంలో మాస్టారు గారితో నేనూ ఏకీభవిస్తాను. కొత్త_సెమిస్టర్, ఇది జాగ్రత్తగా చదువు. 31లోపు ఆన్‌మెల్డుంగ్ అపాయింట్‌మెంట్ దొరకకపోయినా పర్మిట్ అప్లికేషన్ ఆపొద్దు. 25, 26 సెలవులు, ఆ తర్వాత ఆఫీసులు ఎన్ని రోజులు తీస్తారో మీ ఊళ్లో కనుక్కోవాలి. అసలు కావాల్సింది ఒకటే, వీసా గడువు లోపల అప్లికేషన్ ఆఫీసుకి చేరాలి. నివాస చట్టం 81వ సెక్షన్, 4వ క్లాజు ప్రకారం, గడువు లోపల అడిగితే వాళ్లు నిర్ణయం చెప్పేదాకా నీ పాత అనుమతి కొనసాగినట్టే. షెంగెన్ టూరిస్ట్ వీసాకి ఇది వర్తించదు, నీ నేషనల్ వీసాకి వర్తిస్తుంది. దానికి రుజువుగా అడిగితే ఫిక్షన్ సర్టిఫికెట్ ఇస్తారు.

ఆన్‌లైన్ ఫారం నాలుగో పేజీ దాటనివ్వకపోతే, అడ్రస్ ప్రూఫ్ బదులు "రిజిస్ట్రేషన్ పెండింగ్, పత్రం తర్వాత పంపుతాను" అని ఒక పేజీ లెటర్ సంతకంతో పీడీఎఫ్ చేసి అక్కడ పెట్టి చూడు. అదీ కుదరకపోతే మామూలు లెటర్‌గా రాయి. పాస్‌పోర్ట్, వీసా కాపీలు, యూనివర్సిటీ అడ్మిషన్, బ్లాక్డ్ అకౌంట్ కాగితం (ఏడాది ఖర్చుకి ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా, నెలకి 992 యూరోల లెక్కన 11,904 చేశావు కదా), ఇన్సూరెన్స్ రుజువు జతచేసి ఈమెయిల్ చేయి. అదే కట్ట కవర్‌లో పెట్టి ఆఫీసు బయట ఉన్న లెటర్ బాక్స్‌లో కూడా వేయి. వేసేటప్పుడు ఫోటో తీసుకో. ఇదే ఫారంలో పెట్టాలన్న నియమం లేదు, గడువులోపల చేరడమే ముఖ్యం. అపాయింట్‌మెంట్ బుక్ చేయడం, అప్లికేషన్ పెట్టడం ఒకటి కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు.

మూడో_అంతస్తు (మధ్యాహ్నం 12:02)

ఫిక్షన్ పేపర్ మీద ఇండియా వెళ్లి రాలేం. మా రూమ్మేట్‌ని ఎయిర్‌పోర్ట్‌లో ఆపేశారు. అది కూడా చెప్పండి.

రైన్_ఒడ్డున (12:16)

ఏ క్లాజు కింద ఇచ్చారో దాని మీద ఉంటుంది. ఆ కాగితంలో మూడు గడులు ఉంటాయి. 81లో 4 దగ్గర టిక్ ఉంటే పాస్‌పోర్ట్, పాత వీసాతో కలిపి చూపించి తిరిగి రావచ్చు. 3 దగ్గర టిక్ ఉంటే బయటికి వెళ్లి రాలేరు. మీ రూమ్మేట్‌ది ఏది?

మూడో_అంతస్తు (12:20)

తెలియదు. ఆపేశారు, అంతే.

పాత_కాపు (12:25)

టికెట్ కొనే ముందు ఆ గడి చూసుకోండి.

చల్లపల్లి_అక్క (12:40)

చెల్లీ, డబ్బా మీద పేరు అతికించావా?

కొత్త_సెమిస్టర్ (డిసెంబర్ 23, రాత్రి 10:05)

అతికించాను అక్కా. అన్నతో కూడా కూర్చుని మాట్లాడాను. రైన్_ఒడ్డున అక్క రాసింది మొత్తం చదివి వినిపించాను. టీవీ ట్యాక్స్ ఇంటికి ఒకటే అన్నది విన్నాక కాస్త తగ్గాడు. ఓనర్ విషయంలో మాత్రం ఇంకా భయపడుతున్నాడు. గది ఇవ్వడానికి ఓనర్‌ని ముందే అడగాల్సింది అంటున్నాడు.

రైన్_ఒడ్డున (10:21)

నేను అక్కని కాదు, అన్నని. పర్వాలేదు. ఆయన భయంలో కొంత నిజం ఉంది. అనుమతి లేకుండా గది ఇవ్వడం ఓనర్‌కీ ఆయనకీ మధ్య గొడవ కావొచ్చు. కానీ ఇంట్లో ఒక గది ఇవ్వడానికి సరైన కారణం ఉంటే అనుమతి అడిగే హక్కు అద్దెకున్నవాళ్లకి ఉంది. ఖర్చు పంచుకోవడానికి అని రెండు వాక్యాలు రాసి ఈ రాత్రే ఓనర్‌కి మెయిల్ పెట్టమను. దాచిపెట్టి దొరకడం కంటే అది వంద రెట్లు నయం.

కొత్త_సెమిస్టర్ (డిసెంబర్ 30, మధ్యాహ్నం 3:40)

అన్న సంతకం పెట్టాడు. ఆన్‌మెల్డుంగ్ అపాయింట్‌మెంట్ జనవరి 8కి దొరికింది. అప్లికేషన్ ఆన్‌లైన్‌లో ఆ లెటర్ పీడీఎఫ్‌తో వెళ్లిపోయింది, నంబర్‌తో మెయిల్ వచ్చింది. కవర్ కూడా డబ్బాలో వేసి ఫోటో తీశాను. ఇన్సూరెన్స్ కార్డు నిన్న వచ్చింది. అందరికీ థాంక్స్. బస్సులో ఉన్నాను, తర్వాత రాస్తాను.

మూడో_అంతస్తు (జనవరి 4, సాయంత్రం 6:12)

మా ఓనర్ ఆ ఒక్క పేజీ ఫారంలో చేరిన తేదీ తప్పు రాశాడు, 1 బదులు 11. కొట్టేసి దిద్దితే తీసుకుంటారా, కొత్తది రాయించాలా? రేపు పొద్దున 8కి అపాయింట్‌మెంట్.