జిప్సీకి సొంతంగా వెనుక బంపర్, స్టెప్నీ క్యారియర్: 5 మిల్లీమీటర్ల పలక అవసరమా?

ప్రశ్న: మారతహళ్ళి జిప్సీ

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె, ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. నా మారుతి జిప్సీలోనే సొంత ఊరికి, హార్స్‌లీ కొండకు, అప్పుడప్పుడు సకలేశపుర వైపు మట్టి దారులకు వెళ్ళివస్తుంటాను. టైర్లను 235/75 ఆర్15 కొలతకు మార్చాక రిమ్ముతో కలిపి స్టెప్నీ బరువు 24 కిలోలు తూగింది. దాన్ని మోస్తున్న వెనుక తలుపు కుంగిపోయి, చేత్తో పైకెత్తితే తప్ప గడియ పడటం లేదు; కీళ్ళ చుట్టూ రేకు చీలడం కూడా మొదలైంది.

అందుకే ఇనుప పలకతో వెనుక బంపర్ తయారు చేసుకుని, దానికి పక్కకు తెరుచుకునే చేయి ఒకటి అమర్చి, స్టెప్నీని, 20 లీటర్ల పెట్రోలు క్యాన్‌ను దాని మీదకు మార్చాలనుకుంటున్నాను. కొలతలు, కటింగ్ నేనే చూసుకుంటాను. వెల్డింగ్ మాత్రం పీణ్యలో తెలిసిన షాపులో చేయిస్తాను. గట్టిగా ఉండాలంటే 5 మిల్లీమీటర్ల పలకే వాడమని ఒక మిత్రుడు చెప్పాడు. అంత మందం నిజంగా అవసరమా? చేయి తిరిగే కీలును ఎలా చేయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించండి.

జవాబు 1: పాత లేత్

మీ మిత్రుని ఉద్దేశం మంచిదే కానీ, పలక మందం పెంచడం ఇక్కడ మీకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. 5 మిల్లీమీటర్ల ఇనుప పలక చదరపు మీటరుకు 39 కిలోలకు పైగా తూగుతుంది. బంపర్ వెడల్పు 1.4 మీటర్లు, మడతలన్నీ విప్పితే ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుంటే, పలక ఒక్కటే సుమారు 25 కిలోలు అవుతుంది. అదే 3 మిల్లీమీటర్లదైతే 15 కిలోలు. చేయికి ఒక 12 కిలోలు, నిండు క్యాన్‌కు 20 కిలోలు కలిపితే, మీరు అనుకున్న పద్ధతిలో బండి వెనుక కొత్తగా 57 కిలోలు చేరుతున్నాయి.

ఆ బరువు ఎక్కడ వేలాడుతుందన్నది అసలు విషయం. జిప్సీ వీల్‌బేస్, అంటే ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం, 2,375 మిల్లీమీటర్లు. బరువు వెనుక ఇరుసుకు 90 సెంటీమీటర్లు అవతల ఉంటే, ఏతంలో మాదిరిగా ముందు చక్రాల మీద నుంచి సుమారు 22 కిలోలు లేచిపోయి, వెనుక ఇరుసు మీద 79 కిలోల దాకా పెరుగుతాయి. వెయ్యి కిలోలు తూగే బండికి ఇది చిన్న మార్పు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలికపడటం, వెనుక స్ప్రింగు కట్టలు దిగిపోవడం మీకే తెలుస్తుంది. నా సలహా 3 మిల్లీమీటర్ల పలక. మడత పెట్టిన పలక వంగకుండా నిలబడేది ఆ మడత వల్లే. చాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) బిగించే బ్రాకెట్లు, కీలు కూర్చునే చోటు మాత్రం 6 మిల్లీమీటర్లు ఉండాలి, వాటికి త్రికోణపు ఆధారపు ముక్కలు తప్పనిసరి.

ఇక కీలు. చేయి తిరిగే పిన్నును బంపర్ పై పలకకు మాత్రమే వెల్డ్ చేసి వదిలేసినవి నేను చాలా చూశాను. కొన్నాళ్ళకు ఆ పలక చిరిగిపోతుంది. పిన్ను పై పలకలోంచి దూరి కింది పలక దాకా దిగాలి, రెండు చోట్లా వెల్డ్ పడాలి. చేయి, చక్రం, క్యాన్ కలిపి 56 కిలోలు. వాటి భారమంతా కీలుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, తెరిచి ఉన్నప్పుడు కీలు మీద 34 కిలోగ్రామ్-మీటర్ల తిప్పుడు బలం పడుతుంది. గోతుల్లో బండి ఎగిరినప్పుడు అది మూడింతలైనా ఆశ్చర్యం లేదు. పలకల మధ్య ఎడం 12 సెంటీమీటర్లే అయితే, ఒక్కొక్క పలక అంచు మీద 800 కిలోలకు మించిన ఒత్తిడి. కాబట్టి మూసినప్పుడు చేయి రెండో కొస ఏటవాలు ఇనుప దిమ్మె మీదకు ఎక్కి కూర్చోవాలి. బరువు మోయవలసింది ఆ దిమ్మె. లాచ్ పని చేయి తెరుచుకోకుండా పట్టుకోవడం వరకే.

కీలుకు ముందు చక్రాలతో నడిచే చిన్న కారు వెనుక హబ్‌ను (చక్రం బిగించే తిరుగుడు భాగాన్ని), అది తిరిగే పొట్టి ఇరుసు అయిన స్టబ్ యాక్సిల్‌తో సహా, పాత సామాన్ల అంగడిలో కొని వాడుకోవచ్చు. బేరింగులు ముందే కుదిరి ఉంటాయి కనుక లేత్ పని తగ్గుతుంది.

జవాబు 2: కోలార్ రోడ్

నా బండికి ఇలాంటిదే చేయించి ఆరేళ్ళయింది. చాసిస్‌కు దేన్నీ వెల్డ్ చేయనివ్వకండి. ఉన్న రంధ్రాలను వాడుకుని 8.8 గ్రేడు 12 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించండి. చేయి మీ వెనుక తలుపు ఏ వైపుకు తెరుచుకుంటుందో ఆ వైపుకే తెరుచుకోవాలి, లేకపోతే సామాను దించిన ప్రతిసారీ చుట్టూ తిరగాల్సి వస్తుంది. చేయికి వాడే గొట్టాల అడుగున నీరు కారిపోవడానికి రంధ్రాలు పెట్టించండి. నా మొదటి చేయి లోపలి నుంచే తుప్పు పట్టి విరిగింది, పైన రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

పెట్రోలు క్యాన్ విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. వెనుక నుంచి ఏదైనా బండి గుద్దితే మొదట నలిగేది అదే. ఆ చోట నీళ్ళ క్యాన్ పెట్టుకోండి.

జవాబు 3: జయనగర్ నాలుగో బ్లాక్

చట్టం సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పని మొదలుపెట్టక ముందే ఆర్టీఓ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నంబరు పలక, దాని దీపం, వెనుక లైట్లు ఏవీ చక్రం చాటున పడకూడదు.

మారతహళ్ళి జిప్సీ

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ముందు ఆర్టీఓకు వెళ్ళి వస్తాను. అక్కడ అభ్యంతరం లేకపోతే 3 మిల్లీమీటర్ల పలక, హబ్ కీలు, ఏటవాలు దిమ్మెతో చేయిస్తాను. పెట్రోలు క్యాన్ ఆలోచన మానుకున్నాను. ఒక్క సందేహం: దిమ్మెను అమర్చేటప్పుడు బంపర్ బండి మీదే ఉండాలా, విప్పి నేల మీద పెట్టి చేయాలా?

పాత లేత్

బండి మీదే ఉంచండి, చక్రాన్ని కూడా చేయికి తగిలించండి. బరువుకు చేయి ఎంత దిగుతుందో అప్పుడే తెలుస్తుంది. దిమ్మె ఎత్తు దాన్ని బట్టే నిర్ణయించాలి. కొలిచి రెండు చుక్కల వెల్డింగ్‌తో మాత్రమే అంటించి, బంపర్‌ను విప్పి పూర్తి వెల్డింగ్ కింద చేయించండి. ఆ రెండు చుక్కలకైనా సరే, ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.