ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్ నుంచి కెమ్నిట్జ్‌కి రైల్లో: మొదటిసారి వెళ్తున్నాను, సలహా కావాలి

ఓరుగల్లు_విద్యార్థి:
అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం సెప్టెంబర్ చివర్లో జర్మనీ వెళ్తున్నాను. ఫ్లైట్ పొద్దున 7 గంటలకు ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతుంది. అక్కడి నుంచి లైప్‌జిగ్ మీదుగా కెమ్నిట్జ్ వెళ్లాలి. 23 కిలోల సూట్‌కేసులు రెండు, వీపు మీద ఒక బ్యాగు. జర్మనీ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉన్న బండికి సూపర్ స్పార్‌ప్రైస్ టికెట్ చవగ్గా కనిపిస్తోంది. కొనేయనా? మన దగ్గరలాగా కోచ్, సీటు నంబరు టికెట్‌తోనే వస్తాయా? లైప్‌జిగ్‌లో బండి మారడానికి 9 నిమిషాలే చూపిస్తోంది, సరిపోతాయా?

పట్టాల_మనిషి:
ఆ టికెట్ కొనకండి. స్పార్‌ప్రైస్, సూపర్ స్పార్‌ప్రైస్ అనే తగ్గింపు టికెట్లు రెండూ మీరు ఎంచుకున్న ఐసీఈకే (దూరం వెళ్లే వేగపు బండి) కట్టుబడి ఉంటాయి. ఫ్లైట్ ఆలస్యమై ఆ బండి తప్పిపోతే టికెట్ పోయినట్టే, ఎందుకంటే విమానం ఆలస్యానికి రైల్వేకి సంబంధం లేదు. పైగా సూపర్ స్పార్‌ప్రైస్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు. ఏడింటికి దిగితే ఇమిగ్రేషన్, లగేజీ అయ్యేసరికి ఎనిమిదిన్నర దాటడం మామూలే. కనీసం మూడు గంటలు వదిలి, పది తర్వాతి బండి చూడండి.

ఫ్లైట్ టికెట్ ఇంకా కొనకపోతే మీ ఎయిర్‌లైన్ రైల్ అండ్ ఫ్లై అనే రైలు టికెట్ ఇస్తుందేమో అడగండి. దాన్ని ఫ్లైట్ టికెట్‌తో కలిపే అమ్ముతారు. ప్రయాణం రోజున ఏ బండైనా ఎక్కొచ్చు, దిగిన మర్నాడు కూడా చెల్లుతుంది. అది కుదరకపోతే ఫ్లెక్స్‌ప్రైస్. ధర ఎక్కువే, కానీ ఆ రోజు ఆ దారిలో ఏ బండికైనా పనికొస్తుంది.

ఇక 9 నిమిషాలు: రెండు పెద్ద సూట్‌కేసులతో చాలవు. లైప్‌జిగ్ చాలా పెద్ద స్టేషన్, భూగర్భంలో ఉన్నవి తప్ప పట్టాలన్నీ అక్కడే ఆగిపోతాయి. ఒక ప్లాట్‌ఫామ్ చివర దాకా నడిచి మళ్లీ ఇంకోదాని మీదకు వెళ్లాలి. యాప్‌లో వెతికేటప్పుడు బండి మారే సమయం కనీసం 30 నిమిషాలు అని పెట్టుకోండి, అలాంటి కనెక్షన్లే చూపిస్తుంది.

గ్లైస్_7:
సీటు నంబరు టికెట్‌తో రాదండీ. సెకండ్ క్లాస్‌లో రిజర్వేషన్‌కి విడిగా కొన్ని యూరోలు కట్టాలి. మీకున్న లగేజీకి తప్పకుండా చేయించుకోండి. ఒక్క షరతు: బండి బయల్దేరాక 15 నిమిషాల్లోపు ఆ సీట్లో కూర్చోకపోతే అది వేరేవాళ్లకు పోతుంది.

ఎయిర్‌పోర్ట్‌లో రెండు స్టేషన్లున్నాయి, కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఐసీఈ వచ్చేది ఫెర్న్‌బానోఫ్‌కి (దూరప్రాంత బండ్ల స్టేషన్), ప్లాట్‌ఫామ్‌లు 4 నుంచి 7. ఎస్-8, ఎస్-9 లోకల్ బండ్లు రెగియోనల్‌బానోఫ్‌కి, 1 నుంచి 3. రెండూ ఒకటో టెర్మినల్ పక్కనే. వేరే టెర్మినల్‌లో దిగితే ముందు అక్కడికి చేరాలి. టికెట్ మీద మొదటి బండి ఏదో చూసుకుని నడవండి.

ప్లాట్‌ఫామ్‌ను గ్లైస్ అంటారు. దాని పొడవునా ఏ, బీ, సీ, డీ అని బోర్డులుంటాయి. మీ కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో యాప్‌లోనూ, పైనున్న తెర మీదా కనిపిస్తుంది. బండి రాకముందే అక్కడ నిలబడాలి, ఆగేది రెండు మూడు నిమిషాలే. ఒక్కోసారి కోచ్‌లు తిరగబడిన వరసలో వస్తాయి. తెర మీద 'ఉమ్‌గెకేర్టె వాగన్‌రైయుంగ్' అని కనిపిస్తే మీ కోచ్ అవతలి కొసన ఉంటుంది. చివరి నిమిషంలో గ్లైస్ కూడా మారుస్తారు, కాబట్టి గోడకి అంటించిన కాగితాన్ని నమ్మకుండా తెర చూడండి. ఆ కాగితాల్లో పసుపువి బయల్దేరే బండ్లు.

కూలీలు ఉండరు. కొన్ని బండ్లకు ఇంకా మెట్లున్నాయి, ఒక్కో సూట్‌కేసు మీరే పైకెత్తాలి. పెద్దవి తలుపు దగ్గరో కోచ్ మధ్యలోనో ఉన్న రాక్‌లో పెట్టండి. అది నిండితే వీపులు ఆనించి ఉన్న రెండు సీట్ల వరసల మధ్య ఖాళీలో పట్టేస్తాయి. నడిచే దారిలో మాత్రం వద్దు, తీయిస్తారు. అన్నట్టు, ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్లో బండి దిశ మార్చుకుని వెనక్కి బయల్దేరుతుంది. ఎయిర్‌పోర్ట్‌కే తిరిగి వెళ్తోందేమో అని దిగిపోకండి.

ఓరుగల్లు_విద్యార్థి:
చాలా థాంక్స్ అండీ. లైప్‌జిగ్ దాకా ఒక టికెట్ కొని, అక్కడి నుంచి కెమ్నిట్జ్‌కి డాయిచ్‌లాండ్ టికెట్ వాడితే చవక అని ఒకరన్నారు. అలా చేయొచ్చా?

పట్టాల_మనిషి:
చేయొచ్చు, కానీ మొదటి రోజు వద్దు. డాయిచ్‌లాండ్ టికెట్ నెలవారీ చందా, 2026 జనవరి నుంచి 63 యూరోలు. లోకల్, రీజినల్ బండ్లకే చెల్లుతుంది, ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంత బండ్లకు చెల్లదు. నెలాఖరుకి ఆపాలంటే 10వ తేదీలోపు చెప్పాలి, మరిచిపోతే ఇంకో నెల కట్టాల్సిందే. చాలా యూనివర్సిటీలు సెమెస్టర్ ఫీజులోనే దాన్ని ఇస్తున్నాయి, ముందు అది కనుక్కోండి.

అసలు చిక్కు వేరే. ఎయిర్‌పోర్ట్ నుంచి కెమ్నిట్జ్ దాకా ఒకే బుకింగ్ అయితే, గమ్యానికి 20 నిమిషాలో అంతకన్నా ఎక్కువో ఆలస్యమవుతుందని తేలగానే స్పార్‌ప్రైస్ కట్టుబాటు కూడా పోతుంది, తర్వాతి బండి ఎక్కొచ్చు. ముక్కలుగా కొంటే రెండో ముక్కకి మొదటి బండి ఆలస్యం లెక్కలోకి రాదు. పరిహారం కూడా గమ్యానికి చేరిన సమయాన్ని బట్టే: 60 నిమిషాలు ఆలస్యమైతే ఛార్జీలో 25 శాతం, 120 అయితే 50 శాతం. మూడు నెలల్లోపు అడగాలి, యాప్‌లోనే అడగొచ్చు. లెక్క 4 యూరోలకు తక్కువైతే ఇవ్వరు.

గ్లైస్_7:
ఇంకో మాట. ఇక్కడ స్టేషన్లలో గేట్లు ఉండవు, నేరుగా బండి దాకా వెళ్లిపోవచ్చు. దాన్ని చూసి టికెట్ తర్వాత కొనుక్కోవచ్చులే అనుకోవద్దు. లోకల్ బండ్లలో పట్టుబడితే 60 యూరోలు. మిషన్లో కొన్న కాగితం టికెట్ మీద తేదీ, సమయం లేకపోతే ఎక్కేముందు చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేసుకోవాలి, లేకపోతే టికెట్ లేనట్టే. యాప్ టికెట్ మీ పేరున ఉంటుంది కాబట్టి పాస్‌పోర్ట్ సూట్‌కేసులో పెట్టేయకండి. టికెట్‌ని ఇంట్లో ఉండగానే ఫోన్లోకి దించుకుని పీడీఎఫ్ కూడా ఉంచుకోండి. సిమ్ లేకపోయినా ఐసీఈలో వైఫై ఉచితం. లైప్‌జిగ్ నుంచి వెళ్లే రీజినల్ బండి తలుపు దానంతటదే తెరుచుకోదు, బటన్ నొక్కాలి. దిగేటప్పుడూ అంతే.