ఐ5-2500కే ప్రాసెసర్ వదిలి రైజెన్ 9700ఎక్స్‌కి వచ్చాను. ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన వేగం దాటించడం) చేయాలా, వద్దా?

గోదావరిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్తే. 2011లో మొదటి ఉద్యోగంలో జీతం దాచుకుని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఇంటెల్ ఐ5-2500కే ప్రాసెసర్ కొన్నాను. అసలు వేగం 3.3 గిగాహెర్ట్జ్, టర్బోలో (తనంతట తాను పెంచుకునే వేగం) 3.7. బయోస్‌లోకి (బోర్డు సెట్టింగ్స్) వెళ్లి మల్టిప్లయర్ (100 మెగాహెర్ట్జ్‌ని ఎన్ని రెట్లు చేయాలనే అంకె) 45 పెట్టి, వోల్టేజ్ కొంచెం పెంచి 4.5 దగ్గర నిలబెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రూపాయి ఎక్కువ పెట్టకుండా పై తరగతి ప్రాసెసర్ చేతికొచ్చినట్టు అనిపించింది. ఆ సెట్టింగ్ మీదే పదమూడేళ్లు పనిచేసింది.

ఇప్పుడు పెళ్లి వీడియోల ఎడిటింగే నా బతుకుతెరువు. 4కే ఫుటేజ్‌ని పాతది మోయలేక రైజెన్ 7 9700ఎక్స్, బీ650 బోర్డు, 32 జీబీ డీడీఆర్5-6000 తీసుకుని, పెద్ద టవర్ కూలర్ బిగించాను. నా గది మేడమీద, నెత్తిన డాబా. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఏసీ లేదు. అయినా ప్రాసెసర్‌లోని ఎనిమిది కోర్లూ 5.3 గిగాహెర్ట్జ్ దగ్గర లాక్ చేద్దామని మనసు లాగుతోంది. చేయొచ్చా?

పాతబోర్డు (హైదరాబాద్)

గోదావరిగట్టు గారూ, అలా మాత్రం చేయకండి. 9700ఎక్స్ ఒకటి రెండు కోర్ల మీద పని పడితే తనంతట తానే 5.5 దాకా వెళ్తుంది. మీరు 5.3 దగ్గర కట్టేస్తే ఆ 5.5 పోతుంది. టైమ్‌లైన్ జరపడం, ఫైల్ తెరవడం లాంటి చిన్న పనుల్లో కొన్నదానికంటే నెమ్మది ప్రాసెసర్ మీకు మిగులుతుంది.

మన కాలం వేరు. 1998లో సెలెరాన్ 300ఏ వచ్చినప్పుడు బోర్డు బస్ వేగం (చిప్‌కీ బోర్డుకీ మధ్య డేటా దారి వేగం) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450లో పరుగెత్తేది. అంటే సగానికి సగం లాభం! కంపెనీ చిప్‌లో అంత జాగా వదిలి అమ్మేది. ఇప్పుడు ఆ జాగా అంతా ఫ్యాక్టరీలోనే వాడేస్తున్నారు. మనం పైకి ఎక్కించడానికి మిగిలేది వోల్టేజే. విద్యుత్తు ఖర్చు వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. 1.2 నుంచి 1.3కి వెళ్తే, వేగం పెరగకపోయినా వేడి 17 శాతం ఎక్కువ. మీ మేడ గదికి అది వద్దు.

అందుకే వోల్టేజ్ తగ్గించండి. బయోస్‌లో పీబీఓ అనే ఏఎండీ సెట్టింగ్ కింద కర్వ్ ఆప్టిమైజర్ అని ఉంటుంది, నెగటివ్ అంకె ఎంత పెద్దదైతే వోల్టేజ్ అంత తగ్గుతుంది. అందులో నెగటివ్ 15 పెట్టి మొదలెట్టండి. మీ చిప్‌కి మొత్తం 88 వాట్ల హద్దు ఉంది. ఒక్కో మెగాహెర్ట్జ్‌కి తక్కువ వోల్టేజ్ చాలితే, అవే 88 వాట్లలో తను ఇంకొంచెం వేగంగా తిరుగుతుంది. వేడి పెరగదు.

ఒక్క విషయం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. నా రైజెన్ 7700కి ఆశపడి నెగటివ్ 30 ఇచ్చాను. అన్ని కోర్లకీ పని పెట్టే సినీబెంచ్ పరీక్ష గంటసేపు తిప్పినా చెక్కుచెదరలేదు. సంబరపడి వదిలేశాను. మూడో రోజు అర్ధరాత్రి బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉండగా దానంతట అదే రీస్టార్ట్ అయింది. ఫుల్ లోడ్‌లో క్లాక్ తక్కువ ఉంటుంది కాబట్టి తప్పు బయటపడదు. ఒకే కోర్ పైకి ఎగిరినప్పుడే వోల్టేజ్ చాలక పడిపోతుంది. అందుకే కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షించండి. మీది ఊరికే గేములాడుకునే మెషీన్ కాదు, జనం పెళ్లిళ్లు అందులో ఉన్నాయి.

ఓరుగల్లు (వరంగల్)

అన్నా, 105 వాట్ల మోడ్ కూడా ఒకసారి చూడండి. వారంటీలోనే వచ్చే మోడ్ అది, రెండరింగ్‌లో కాస్త పెరుగుతుంది. కానీ పేరుకి 105 అయినా, మొత్తం హద్దు 88 నుంచి 142 వాట్లకి పోతుంది, కాబట్టి చలికాలంలోనే బాగుంటుంది. నాది బీటెక్ మూడో సంవత్సరం. నా రైజెన్ 7600తో సెలవులంతా బయోస్‌లోనే గడిపాను. వచ్చిన వేగం కొంచెమే. కానీ వోల్టేజ్, క్లాక్, టైమింగ్స్ అంటే ఏంటో క్లాసులో కంటే అక్కడే బాగా అర్థమైంది. దాన్ని దండగ అంటే నేను ఒప్పుకోను.

ఉక్కునగరం (విశాఖ)

ముందు బయోస్ అప్‌డేట్ చేసి, ర్యామ్‌కి ఎక్స్‌పో (దాని మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. చాలామంది అది మర్చిపోయి 6000 ర్యామ్‌ని 4800లో నడుపుతుంటారు. ఇక హద్దు దాటడం గురించి: 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు ఎక్కువ వోల్టేజ్ వల్ల చెడిపోతున్నాయని తేలాక, కంపెనీ మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ ఇచ్చి వారంటీ రెండేళ్లు పొడిగించింది. ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకుండానే అది జరిగింది. సంపాదన పెట్టే మెషీన్‌ని ఇంకా పైకి తొయ్యొద్దు గురూ గారూ.

గోదావరిగట్టు (రాజమండ్రి)

అందరికీ చాలా థ్యాంక్స్. 5.3 ఆలోచన మానేశాను. ఎక్స్‌పో ఆన్ చేసి, నాలుగు రాత్రులు కోర్‌సైక్లర్ తిప్పాను. ఏడు కోర్లు నెగటివ్ 20 దగ్గర నిలిచాయి, ఒక్క 5వ కోర్ రెండుసార్లు తప్పి 10 దగ్గర ఆగింది. రెండర్‌లో అన్ని కోర్ల వేగం 4.45 నుంచి 4.6కి వచ్చింది, వాట్లు అవే 88. గదిలో 34 డిగ్రీలున్నప్పుడు చిప్ 76 దాటలేదు. 52 నిమిషాల ఎక్స్‌పోర్ట్ 50కి దిగింది. రెండు నిమిషాలే, కానీ ఆ 4.6 అంకె చూసినప్పుడు 2011 నాటి సంతోషమే కలిగింది.

పాతబోర్డు గారూ, 5వ కోర్‌ని 12కి పెంచి చూడమంటారా, 10 దగ్గరే వదిలేయమంటారా? ఆదివారం కాకినాడ పెళ్లి షూట్ ఉంది, ఈలోపే తేల్చుకోవాలి.

పాతబోర్డు (హైదరాబాద్)

వదిలేయండి. ఆ ఫుటేజ్ డెలివరీ అయ్యాక చూద్దాం.