నాటు దోసపండు ఎప్పుడు కోయాలి, విత్తనం ఎలా దాచుకోవాలి?

బెజవాడ మిద్దెతోట:
అందరికీ నమస్తే అండి. మా అత్తగారి ఊరి నుంచి నాటు దోసపండు గింజలు తెచ్చి మేడ మీద గ్రోబ్యాగుల్లో పెట్టాను, తీగ బానే పాకింది, పూత కూడా బోలెడు, కానీ పిందెలు గోలీకాయంత అవ్వగానే పసుపెక్కి రాలిపోతున్నాయి, నిలబడ్డవేమో రాత్రికి రాత్రే పగిలి పొద్దున్నకల్లా చీమలు పట్టేస్తున్నాయి. కోతకొచ్చిందని ఎలా తెలుస్తుందండి? ఆ ఊళ్ళో కూడా ఈ విత్తనం ఒకళ్ళిద్దరి దగ్గరే మిగిలింది, పోగొట్టుకోకూడదని నా తాపత్రయం. పక్క టబ్బులో పప్పుదోస ఉంది, ఇబ్బందేమైనా ఉంటుందా?

పచ్చతీగ:
రాలేవి పరాగం అందని పిందెలండి, మేడ మీదకి తేనెటీగలు తక్కువ వస్తాయి కదా. పొద్దున్నే మగపువ్వు కోసి రేకులు తీసేసి, అడుగున పిందె ఉన్న పువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. పిందె మెత్తబడి లోపల పురుగుంటే మాత్రం పండు ఈగ, చిన్నప్పుడే పేపర్ కవరో పాత చున్నీ ముక్కో కట్టేయండి. ఈగల ట్రాప్ కొంటే లోపల పెట్టే ఎర క్యూ లూర్ అని అడిగి తీసుకోండి, మామిడికి వాడే మిథైల్ యూజినాల్‌కి ఈ ఈగ రాదు.

గోదారి గట్టు:
దోసపండు పగలడం దాని గుణమండి, రోగం కాదు. పచ్చదనం పోయి లేత పసుపు తిరిగి, దగ్గరికెళ్తే వాసనొచ్చి, తొక్క మీద వెంట్రుకంత సన్నటి గీత కనబడిందా, ఆ సాయంత్రమే కోసేయండి, తెల్లారేసరికి ఇంట్లోనే విచ్చుకుంటుంది. రంగు తిరిగాక నీళ్ళు తగ్గించండి, మట్టి బాగా ఎండనిచ్చి ఒకేసారి బకెట్టు పోస్తే పక్వానికి రాకముందే పగిలిపోద్ది. పొడిపొడిగా ఉండే ఆ గుజ్జులో బెల్లం తురుము కలుపుకుని తింటే ఉంటది చూడండీ, కర్బూజ పనికిరాదు దాని ముందు!

విత్తనాల డబ్బా:
పప్పుదోస పక్కనుంది అన్నారు కదా, విత్తనానికి అదే ఇబ్బంది. దోసపండు, పప్పుదోస, కర్బూజ, బుడంకాయ అన్నీ ఒకే జాతి, శాస్త్రీయ నామం కుకుమిస్ మెలో, ఇట్టే కలిసిపోతాయి. కీరా, పుచ్చకాయలతో కలవవు. ఈసారి కాయకేం తేడా రాదు, దాని గింజ నాటినప్పుడు బయటపడుద్ది. అందుకని ముందురోజు సాయంత్రం, తెల్లారితే విచ్చుకునే మగమొగ్గ, ఆడమొగ్గ రెండిటికీ మూతి దారంతో కట్టేసి, పొద్దున్న విప్పి మీరే పరాగం అద్ది, ఆడపువ్వుకి మళ్ళీ కట్టేయండి. ఆ కాయ తొడిమకి రంగు దారం కట్టి బాగా పండనివ్వండి. గింజల్ని గుజ్జుతో సహా ఒకట్రెండు రోజులు నాననిచ్చి, తేలినవి పారేసి, మునిగినవి కడిగి నీడలో ఆరబెట్టి బూడిద కలిపి సీసాలో పోసుకోండి.

బెజవాడ మిద్దెతోట:
చాలా థాంక్సండి అందరికీ. అయితే పప్పుదోస తీగ పీకేయక్కర్లేదుగా?

విత్తనాల డబ్బా:
అక్కర్లేదండి, మూతి కట్టిన పువ్వు కాయ గింజలే దాచండి, మిగతావి తినేయండి.