న్యూయార్క్ బరో ప్రెసిడెంటు పదవి ఉత్సవ విగ్రహమేనా? మన కార్పొరేటరుతో పోల్చి చెప్పగలరా?

మూలాపేట విశ్రాంత ఉద్యోగి (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మా అబ్బాయి న్యూయార్క్ నగరంలో, క్వీన్స్ ప్రాంతంలో (నగరంలోని ఐదు విభాగాల్లో ఒకటి, అక్కడ ‘బరో’ అంటారు) కాపురం ఉంటున్నాడు. అక్కడ నాలుగు నెలలు ఉండి ఈమధ్యే నెల్లూరు చేరాను. వాళ్ల వీధి చివర పాత గోదాము ఉన్న స్థలంలో ఎత్తైన అపార్టుమెంట్లు కట్టుకునేందుకు జోనింగ్ (ఏ స్థలంలో ఏమి, ఎంత కట్టవచ్చన్న నిబంధన) మార్చాలని ఒక బిల్డరు దరఖాస్తు పెట్టుకోగా, దానిపై క్వీన్స్ బరో ప్రెసిడెంటు బహిరంగ విచారణ జరుపుతున్నారని తెలిసి కోడలితో కలిసి వెళ్లాను. మాట్లాడదలచిన వారు ముందుగా పేరు రాయించుకోవాలి. మనిషికి మూడు నిమిషాలు. డెబ్బై దాటిన ఒకావిడ కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చి, రాసుకొచ్చిన కాగితాన్ని పక్కనున్న కుర్రవాడి చేత చదివించింది. గోదాము గోడ పక్కన ఉన్న బస్‌స్టాపుకు ఎండ పొడ తగలకుండా పోతుందన్నది ఆమె అభ్యంతరం. ఆ మాట కూడా రికార్డులోకి ఎక్కింది.

ఇంటికి వచ్చి ఈ సంగతంతా గొప్పగా చెబితే మా అబ్బాయి నవ్వి, బరో ప్రెసిడెంటు ఇచ్చేది సలహా మాత్రమేననీ, దానికి ఎవరూ కట్టుబడనక్కరలేదనీ అన్నాడు. ఇరవై నాలుగు లక్షల జనాభా ఉన్న ప్రాంతం నేరుగా ఎన్నుకున్న నాయకుడికి నిర్ణయాధికారం లేకపోతే ఆ పదవి ఎందుకు? మన నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లలో ఒకదాని కార్పొరేటరుకైనా కౌన్సిల్లో ఓటుంటుంది కదా? తెలిసినవారు వివరించగలరు.

ఒంగోలు అధ్యాపకుడు:

పోలికను ముందుగా కొంచెం సరిచేయాలి. మన కార్పొరేటరుకు అక్కడ సరితూగేది సిటీ కౌన్సిల్ సభ్యుడు. నగరం మొత్తానికి అలాంటి వారు 51 మంది ఉన్నారు. బరో ప్రెసిడెంటు వారికి పైమెట్టూ కాదు, కింది మెట్టూ కాదు. మన్‌హట్టన్, బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్, స్టాటెన్ ఐలండ్ అనే ఐదు బరోలు 1898లో ఒకే నగరంగా కలిసినప్పుడు, ఎవరి ఊరి గొంతు వారికి మిగలాలన్న ఉద్దేశంతో ఏర్పడిన పదవి అది.

ఒకప్పుడు దానికి నిజంగానే బలం ఉండేది. బడ్జెట్టు, కాంట్రాక్టులు, భూ వినియోగం వంటి పెద్ద విషయాలు బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ అనే మండలి చేతిలో నడిచేవి. అందులో మేయరుకు, నగర లెక్కలు చూసే కంప్ట్రోలరుకు, కౌన్సిల్ అధ్యక్షుడికి రెండేసి ఓట్లు, ఐదుగురు బరో ప్రెసిడెంట్లకు ఒక్కొక్క ఓటు. చిక్కు అక్కడే వచ్చింది. ఇప్పటి లెక్కల్లో చెప్పాలంటే, 2020 జనగణన ప్రకారం బ్రూక్లిన్‌లో 27 లక్షల పైచిలుకు మంది ఉంటే స్టాటెన్ ఐలండ్‌లో ఐదు లక్షలకు కాస్త తక్కువ, అంటే ఇంచుమించు మన నెల్లూరు నగరమంత. ఇద్దరికీ సమానంగా ఒక్కొక్క ఓటుండటం పౌరులందరి ఓటుకూ ఒకే విలువ ఉండాలన్న సూత్రానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1989 మార్చిలో తీర్పు చెప్పింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు నగర చార్టరు (నగర పాలనకు మూల చట్టం) మార్పును ఆమోదించారు. బోర్డు రద్దయింది, దాని అధికారాలు చాలావరకు కౌన్సిలుకు చేరాయి. పదవిని మాత్రం ఉంచారు. మీరు చూసింది ఆ తరువాత మిగిలిన రూపాన్నే.

వేదాయపాళెం నుంచి:

అధ్యాపకుల వారి చరిత్ర బాగుంది గానీ, ప్రశ్నకు సూటి జవాబు ‘అవును, ఉత్సవ విగ్రహమే’ అని నా అభిప్రాయం. నాలుగేళ్ల పదవీకాలం, వరుసగా రెండుసార్లకు మించి ఉండకూడదు. ఆ ఎనిమిదేళ్లలో రిబ్బన్లు కత్తిరించి, పండగలకు ప్రశంసాపత్రాలు పంచి, పైపదవికి దారి వేసుకోవడమే ఎక్కువ. మన్‌హట్టన్ బరో ప్రెసిడెంటుగా ఉండి 1989లో మేయరుగా ఎన్నికైన డేవిడ్ డింకిన్స్, బ్రూక్లిన్ నుంచి వెళ్లి 2022లో మేయరు పీఠమెక్కిన ఎరిక్ ఆడమ్స్ ఇందుకు ఉదాహరణలు. డబ్బు విషయానికొస్తే, కొత్త మూలధన వ్యయంలో (నిర్మాణాల వంటి పనుల పద్దులో) 5 శాతం ఐదుగురికీ కలిపి పంచుతారు. ఆ సొమ్ముతో పార్కు బాగు చేయించవచ్చు, గ్రంథాలయానికి కప్పు వేయించవచ్చు, అంతే. అధికారం లేని సలహాకు విచారణ హంగులెందుకు?

కావలి వాడిని, ఇప్పుడు న్యూజెర్సీలో:

నేను నిర్మాణ సంస్థల తరఫున ఇలాంటి దరఖాస్తులు తయారు చేసే పనిలో ఉన్నాను కాబట్టి లోపలి నడక కొంత చెప్పగలను. జోనింగ్ మార్పు దరఖాస్తు నడవాల్సిన దారిని 1975 నాటి చార్టరు సవరణ నిర్దేశించింది. స్థానికులతో ఏర్పడే కమ్యూనిటీ బోర్డుకు 60 రోజులు, బరో ప్రెసిడెంటుకు 30 రోజులు, ప్లానింగ్ కమిషన్‌కు 60 రోజులు, ఆ తరువాత కౌన్సిలుకు 50 రోజులు అన్నది చాలాకాలంగా సాగుతున్న క్రమం. ముందున్న ఇద్దరిదీ సలహాయే, నిజమే. అయితే ఆ సలహా లిఖితపూర్వకంగా, కారణాలతో సహా, అసలు ఓటింగు కంటే ముందే బయటికి వస్తుంది. బరో ప్రెసిడెంటు ‘ఈ షరతులు లేకుండా ఒప్పుకోను’ అని రాసిన కాగితాన్ని పట్టుకుని కౌన్సిల్ సభ్యుడు బేరానికి కూర్చుంటాడు. అందుకే మా బిల్డర్లు విచారణ తేదీకి నెలల ముందునుంచే ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతారు; రెండంతస్తులు తగ్గించడమో, తక్కువ అద్దె ఇళ్లు మరికొన్ని చేర్చడమో అక్కడే తేలిపోయిన సందర్భాలు నేను చూశాను. పెద్దావిడ చెప్పిన ఎండ పొడ సంగతి కూడా ఆ కాగితంలో ఒక వాక్యంగా చేరితే దానికి జవాబు రాయాల్సిన పని మా వంటివాళ్ల మీద పడుతుంది.

వేదాయపాళెం వారు వదిలేసిన మరో సంగతి నియామకాలు. నగరంలోని 59 కమ్యూనిటీ బోర్డుల్లో ఒక్కోదానిలో 50 మంది వరకు జీతం లేని సభ్యులుంటారు. వారిని నియమించేది బరో ప్రెసిడెంటే, సగం మందిని కౌన్సిల్ సభ్యులు సూచించిన పేర్లనుంచి. 13 మంది ఉండే ప్లానింగ్ కమిషన్‌లోనూ ఐదుగురు బరో ప్రెసిడెంట్లు తలా ఒకరిని నియమిస్తారు. ఏడుగురు మేయరు మనుషులు కనుక అక్కడ వారి మాట నెగ్గుతుందని చెప్పలేను. నా దృష్టిలో ఈ పదవి బలం ఓటులో లేదు, తనను అడగకుండా ముందుకు పోకూడదన్న నిబంధనలో ఉంది.

మూలాపేట విశ్రాంత ఉద్యోగి:

అందరికీ కృతజ్ఞతలు. కావలి వారు రాసింది చదివాక మా వీధిలోనే జరిగిన ఒక ముచ్చట గుర్తొచ్చింది. సైడుకాల్వ మీద పలకలు వేసేటప్పుడు పూడిక తీయడానికి మూతలు వదలలేదు. పని మొదలైన రోజున కార్పొరేటరును అడిగితే, తాను కౌన్సిల్లో చెయ్యెత్తింది పద్దు మంజూరుకేననీ, ప్లాను తన కంటపడలేదనీ అన్నారు. పీటల మీద కూర్చున్నాక జాతకాలు అడిగినట్టయింది నా పరిస్థితి. ఓటు ఉండి కూడా ఆయనకు ముందుగా తెలియలేదు. కౌన్సిల్లో ఓటు లేకపోయినా క్వీన్స్‌లో విచారణకొచ్చిన ఆ పెద్దావిడకు ప్లాను ముందే చూపించారు.

ఒంగోలు అధ్యాపకుడు:

మన దగ్గర నిబంధన బొత్తిగా లేకపోలేదండీ. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243ఎస్ అధికరణం ప్రకారం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలి. నెల్లూరు ఆ లెక్కలోకి వస్తుంది. అయితే ఆ కమిటీ ముందుకు ఏ కాగితం, ఎన్ని రోజుల ముందు రావాలన్నది రాజ్యాంగం చెప్పదు. దాన్ని రాష్ట్ర చట్టానికి వదిలింది. పైగా మన మేయరును ఎన్నుకునేది కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యే, ఎంపీల వంటి హోదా రీత్యా సభ్యులైనవారు). కార్యనిర్వహణ మాత్రం ప్రభుత్వం నియమించే కమిషనరుది. కాబట్టి మీ కార్పొరేటరు చెప్పింది తప్పించుకునే మాటే అయివుండాలని లేదు. మీరు సమాచార హక్కు కింద ఆ పని అంచనా ప్రతిని, కౌన్సిల్ తీర్మానం నకలును అడిగి చూడండి. మూతలు అంచనాలోనే లేవా, అంచనాలో ఉండి వేయలేదా అన్నది ముందు తేలాలి.

మూలాపేట విశ్రాంత ఉద్యోగి:

మంచి మాట. అర్జీ ఈ రాత్రికే రాస్తాను. కొలతల పుస్తకం నకలు కూడా అడుగుతాను, ఆ పుస్తకాలతోనే ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కదా.