మార్చి ఉగాది వేడుకలో టెక్సాస్ స్టాల్: ఏ బోర్డు ఎవరిది?

స్టాల్ టీమ్:
అందరికీ నమస్కారం. మార్చి 2 టెక్సాస్ స్వాతంత్ర్య దినం, 1836లో ఆ రోజే టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. ఈసారి ఉగాది కూడా మార్చిలోనే. మనం ఉంటున్న రాష్ట్రం ఎలా ఏర్పడిందో పిల్లలకి బోర్డుల మీద చూపిద్దాం. మొదటి బోర్డు నేను మొదలుపెట్టాను. అప్పట్లో టెక్సాస్ స్పెయిన్ పాలనలో ఉండేది. 1821లో మోజెస్ ఆస్టిన్ అనే అమెరికన్‌కి అక్కడ వలస కుటుంబాలను స్థిరపరిచే అనుమతి స్పెయిన్ ప్రభుత్వం ఇచ్చింది. ఆ ఏడే ఆయన పోయాడు, మెక్సికో కూడా స్వతంత్రమైంది. దాంతో కొడుకు స్టీఫెన్ మెక్సికో సిటీ దాకా వెళ్లి ఆ అనుమతి మళ్లీ ఖాయం చేయించుకున్నాడు. ఆయన కాలనీలో పశువులు పెంచే కుటుంబానికి 4,428 ఎకరాలు, సాగుకి 177. చాలామంది రెండూ చేస్తామనే రాయించుకున్నారు మరి!

పిల్లల ప్రోగ్రాం:
అక్కా, అలమో బోర్డు అన్నిటికంటే పెద్దది పెడదాం. 1836లో మెక్సికో సైన్యం ఆ కోటని 13 రోజులు ముట్టడించిన కథ మా వాడికి నోటికొచ్చు.

స్టాల్ టీమ్:
తప్పకుండా పెడదాం తమ్ముడూ. కానీ పిల్లలకి అదొక్కటే గుర్తుండిపోతే నాకు బాధగా ఉంటుంది. 1825 లెక్కల్లో ఆస్టిన్ కాలనీలో 443 మంది బానిసలున్నారు. పత్తి చేలల్లో వాళ్ల చాకిరీ లేకుండా ఆ కాలనీ లేదు. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేస్తే టెక్సాస్‌కి మినహాయింపు తెచ్చుకున్నారు. విడిపోయాక టెక్సాస్ రాసుకున్న 1836 రాజ్యాంగమైతే బానిసలను విడిపించే అధికారం తమ కాంగ్రెస్‌కే లేకుండా చేసింది. ఇది చిన్న అక్షరాల్లో ఒక మూలన రాసే విషయం కాదు, దీనికి పూర్తి బోర్డు కావాలి. తీరంలో ఉండే కరంకవా తెగని వలసదారులు తరిమేసిన సంగతీ అందులోనే రాద్దాం.

హాల్ ఏర్పాట్లు:
తలుపు పక్కన నాలుగు టేబుళ్లు ఇవ్వగలను. గోడకి మేకులు కొట్టొద్దన్నారు, స్టాండ్లు తెచ్చుకోండి. వదినగారూ, మెక్సికన్ మూలాల వాళ్లు కూడా స్వాతంత్ర్యం కోసం పోరాడారంటారు కదా, వాళ్ల గురించి?

స్టాల్ టీమ్:
మంచి మాట గుర్తు చేశారు. వాళ్లని తెహానోలు అంటారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో హోసే ఆంటోనియో నవారో, ఫ్రాన్సిస్కో రూయిజ్ శాన్ ఆంటోనియోలో పుట్టినవాళ్లే. మరో తెహానో హువాన్ సెగీన్, మెక్సికో సైన్యం ఓడిపోయిన శాన్ జసింటో యుద్ధంలో పోరాడి గెలిచాడు, అయినా 1842లో మెక్సికోకి పారిపోవాల్సి వచ్చింది. ఆయన బొమ్మ టెక్సాస్ సేనాధిపతి సామ్ హ్యూస్టన్ పక్కన, అదే సైజులో పెట్టాలని నా పట్టుదల.

పిల్లల ప్రోగ్రాం:
సరే అక్కా, అలమో, తెహానోలు ఒకే బోర్డు మీద పెడతాను. నాలుగోదో?

స్టాల్ టీమ్:
స్వాతంత్ర్యం ప్రకటించిన ఊరు, వాషింగ్టన్ ఆన్ ది బ్రాజోస్. ప్రకటన రాసింది కట్టడం పూర్తికాని ఇంట్లో, కిటికీలకి అద్దాల బదులు గుడ్డ కట్టుకుని. పెద్ద పిల్లలు అట్టతో ఆ ఇల్లు చేస్తే బాగుంటుంది. 1845లో అమెరికాలో కలిసిన సంగతికి కింద రెండు లైన్లు చాలు. స్టాండ్లు ఎవరి దగ్గరున్నాయో ఈ రాత్రికి చెప్పండి, బోర్డుల ప్రింట్‌కి రేపు ఆర్డర్ ఇవ్వాలి.